ప్రశ్న అడిగాక ఆగాలి

"ఆ తలుపు ఇంకోసారి కొట్టావంటే ఊరుకోను," అన్నాడు భర్త.

టీచరమ్మ ఎత్తిన చెయ్యి దించింది. తలుపుకి అవతల కూతురు ఉంది. యూనిఫారం ఇవతల కుర్చీ మీద ఇస్త్రీ మడతలతో అలాగే ఉంది. సోమవారం బడి నుంచి వచ్చి మూసుకున్న గది, గురువారం వచ్చినా స్నానానికీ భోజనానికీ తప్ప తెరుచుకోవడం లేదు.

"బడికి టైమవుతోంది కదండీ."

"ఎవరికి? దానికా, నీకా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇద్దరికీ ఒకటే బడి. అసలు గొడవంతా అదే.

టీచరమ్మ అన్నది మామగారు సరదాగా పెట్టిన పేరు. ఆమె ఇంకా టీచరు కాలేదు. ఏళ్ళ తరబడి ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి, నలభై దగ్గర పడ్డాక ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి, టీచరు కోర్సులో చేరింది. రెండేళ్ళ పీజీ చదువు. గట్టెక్కితే డిగ్రీతో పాటే, బడిలో ఉద్యోగానికి కావలసిన మొదటి సర్టిఫికెట్ కూడా చేతికొస్తుంది. ఇప్పుడు చివరి టర్ము. ఒక బడిలో నిజం పిల్లలకు నిజం పాఠాలు చెప్పాలి. కాలేజీ నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుని రాసుకునే మేడమ్ బాగుందనాలి. అంతవరకూ డిగ్రీ ఉన్నా లేనట్టే.

కాలేజీవాళ్ళు ఆమెకు కేటాయించింది కూతురు చదివే బడి. పిల్ల వేరే సెక్షనులే అనుకుని ఊరుకుంది. సైన్సు టీచరొకావిడ సెలవు పెట్టడంతో రెండు సెక్షన్లనూ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. సోమవారం నాడు, మొదటి పరీక్ష పాఠం మధ్యలో, వెనక బెంచీలో మేడమ్ రాసుకుంటూ ఉండగా, టీచరమ్మ నోరు జారింది.

"నువ్వు చెప్పు బుడంకాయా," అంది కిటికీ పక్క బెంచీ వైపు తిరిగి.

పధ్నాలుగేళ్ళ పిల్లని, ఎనిమిదో తరగతిలో, అందరి ముందూ. పాలబుగ్గల వయసులో ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. ఆ పూట నుంచి బడంతా అదే పేరు. ఆ పిల్ల మీద గౌరవం కొద్దీ మనమైనా ఇక్కడితో ఆ పేరు ఎత్తకుండా ఉండడం మంచిది.

"కాలేజీకి వెళ్ళి వేరే బడి ఇమ్మని అడుగు," అన్నాడు భర్త, షాపుకి వేసుకెళ్ళే చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన కళ్ళద్దాల షాపులో అద్దాలు సానపట్టే పనిలో ఉన్నాడు. అద్దంలో వెంట్రుకవాసి గీత కూడా ఆయన కంటబడకుండా పోదు. ఇంట్లో మాత్రం కొండంత గొడవైతే తప్ప తలెత్తడు. అలాంటిది ఇవాళ ఒంటికాలి మీద లేచాడు.

"టర్ము మధ్యలో ఇవ్వరు. ఇచ్చినా మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. అదీ వచ్చే ఏడే."

"అయితే వచ్చే ఏడే చెయ్యి. కొంపలేం మునగవు."

"ల్యాబు వదిలేస్తానన్న రోజు మీరేమన్నారు? వదిలాక వెనక్కి చూడొద్దు, నేనున్నానన్నారు."

"అప్పుడు నా కూతురు రోజూ బడికి వెళ్ళేది."

టీచరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. నా కూతురట. తొమ్మిది నెలలు మోసినావిడ ఎవరో దారినపోయే మనిషైనట్టు.

"రేపు రెండో పరీక్ష పాఠం ఉంది," అంది గొంతు తగ్గించి. "మొదటిది పోయింది. ఇది కూడా పోతే సర్టిఫికెట్ ఇవ్వరు. ఉత్త డిగ్రీ ఇస్తారు. దాన్ని గోడకి తగిలించుకోవాలి. నేను రేపు వెళ్తాను. పాఠం చెప్తాను. ఇందులో మాట్లాడ్డానికేం లేదు."

"పిల్ల సంగతి?"

"అదీ వస్తుంది."

"ఎలా వస్తుంది?"

హాల్లో పేపరు చదువుతున్న మామగారు అప్పుడు కల్పించుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. బస్సు వదిలి చాలాకాలమైనా ఆ భాష ఆయన్ని వదల్లేదు.

"తలుపు దగ్గర గుమిగూడకండి. లోపలికి జరగండి. దిగేవాళ్ళకి దారివ్వాలి."

నిజంగానే తలుపు తెరుచుకుంది. కూతురు తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చింది. ఏడ్చిన కళ్ళు కావు, పంతం పట్టిన కళ్ళు. అమ్మ పక్కనుంచే నడిచి, అమ్మ అక్కడ లేనట్టు, తాతయ్య ముందు ఆగింది.

"తాతయ్యా, ఆవిడకి చెప్పు. ఆవిడ వెళ్ళే బడికి నేను రాను."

"ఏ ఆవిడమ్మా?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

"ఆ మేడమ్ గారికి."

స్నానాలగది తలుపు గడియ పడింది. భర్త బూట్లు వేసుకుని, టిఫిను కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. టీచరమ్మ యూనిఫారం తీసి, నలగకుండా బీరువాలో పెట్టి, తన సంచీ భుజానికి తగిలించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ బస్సు తప్పిపోతుందన్న భయం వాటిని లోపలికి తోసేసింది.

*

వెనక బెంచీ మేడమ్‌ని కాలేజీలో అందరూ ఎర్రపెన్ను మేడమ్ అంటారు. పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలో ఏమీ కనిపించదు. కనిపించేదంతా తర్వాత కాగితం మీదే. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో టీచరమ్మను కూర్చోబెట్టి సోమవారం పాఠం గురించి మాట్లాడింది.

"మీ అమ్మాయిని ముద్దుపేరుతో పిలిచారు. అది చిన్న తప్పు. ఒక్కసారికి చల్లారిపోతుంది. నేను రాసింది దాని గురించి కాదు."

టీచరమ్మ ఆశ్చర్యపోయింది. ఈ నాలుగు రోజులూ ఆ ఒక్క మాటనే తల్చుకుని కుమిలిపోయింది మరి.

"మీరు ప్రశ్న అడుగుతారు. పిల్లలు నోరు తెరిచేలోపు జవాబు కూడా మీరే చెప్పేస్తారు. పాఠమంతా అంతే. మీ క్లాసులో ఆలోచించేది మీరొక్కరేనండీ."

"టైము చాలదేమోనని, మేడమ్."

"టైము గురించి కాదు. నిశ్శబ్దమంటే మీకు భయం. ప్రశ్న అడిగాక ఆగాలి. ఇబ్బందిగా అనిపించినా ఆగాలి. రేపు నేను చూసేది అదొక్కటే."

ల్యాబులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. రక్తం సీసాలకు నోళ్ళుండవు. జవాబు కావాలంటే యంత్రం ఇస్తుంది, రాసుకోవడమే. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క రోజులో ఎలా మానడం అని గొణుక్కుంటూ టీచరమ్మ ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా మేడమ్ మీద కోపంగానే ఉంది. వీధి మలుపు తిరిగేసరికి ఆ కోపం కాస్తా తన మీదికి తిరిగింది.

సాయంత్రం వంటింట్లో రేపటి పాఠం ఒకసారి చేసి చూసుకుంది. గాజు బీకరులో నీళ్ళు, చిన్న గిన్నెలో ఉప్పు. రెండూ పక్కపక్కనే, అంకెలు చూపించే తక్కెడ మీద పెట్టి తూచింది. ఉప్పు నీళ్ళలో పోసి కలిపి, ఖాళీ గిన్నెను కూడా పక్కనే పెట్టి మళ్ళీ తూచింది. బరువు వీసమెత్తైనా మారలేదు. ఉప్పు కంటికి కనిపించకపోయినా ఎక్కడికీ పోలేదన్నమాట. పాఠమంతా అంతే.

విద్యార్థిగా మామగారిని కూర్చోబెట్టింది.

"మామయ్యగారూ, ఉప్పు కరిగాక బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? అంతే ఉంటుందనుకోండి."

"నువ్వే చెప్పేశావు కదమ్మాయ్. ఇంక నేనెందుకు?" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

గిన్నె గట్టు మీద పెట్టి, ఆమె కూతురి గది ముందుకు వెళ్ళింది.

"ఆకలేస్తోందా? వేయట్లేదంటావు. పాలైనా తాగుతావా? వద్దంటావు, నాకు తెలుసు."

అన్నాక ఆ మాటలు తన చెవిన తనకే పడ్డాయి. సిగ్గేసింది. తలుపు ఇవతల నిలబడి పిల్లను రెండు ప్రశ్నలడిగి, రెంటికీ జవాబులు తనే చెప్పి, పిల్ల మాట్లాడట్లేదని నాలుగు రోజుల నుంచి ఏడుస్తోంది తను.

గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఆ రోజు నేను అలా పిలిచాక, బడిలో ఏం జరిగింది?"

ఆగింది. లోపల్నుంచి ఏమీ వినపడలేదు. నన్ను తిట్టుకుంటున్నావు కదా అని అడగబోయి నాలుక కరుచుకుంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది. పక్కింటివాళ్ళ కుక్కరు కూత పెట్టింది. ఆమె ఆగింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా కదల్లేదు.

"బోర్డు మీద బొమ్మేశారు," అంది తలుపు అవతలి గొంతు. "గుండ్రంగా. రెండు జడలు పెట్టి."

టీచరమ్మ పెదవి విప్పలేదు.

"అది కాదు అసలు. దానికి నాకేం కాదు." గొంతు దగ్గరికొచ్చింది. తలుపుకి అటువైపు అదీ నేల మీదే కూర్చున్నట్టుంది. "సైన్సులో నేను ముందు నుంచీ ఫస్టు. ఇప్పుడు చెయ్యెత్తితే, మీ అమ్మ ఇంట్లో చెప్పేసిందిలే అంటున్నారు. ఎత్తకపోతే, వాళ్ళమ్మ పాఠం దానికే రాలేదు అంటున్నారు. నేనేం చెయ్యాలి? నాకున్నది అదొక్కటే. అది కూడా నువ్వు తీసేసుకున్నావు."

అంత పెద్ద ముక్క ఆ పిల్ల మాట్లాడి ఎన్నాళ్ళయిందో. సర్దిచెప్పే మాటలు నాలుగు నోటి దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"నేనేం చేస్తే నువ్వు రేపు వస్తావు?" అని మాత్రం అడిగి, మళ్ళీ ఆగింది.

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "నన్ను ఏమీ అడగొద్దు. నా వైపు చూడొద్దు. నేను అసలు ఆ క్లాసులో లేననుకో."

"మాటిస్తున్నాను."

"పాలు ఇవ్వు," అంది తలుపు తీసి.

*

శుక్రవారం పొద్దున్న ఇల్లంతా ఉరుకులు పరుగులు. కూతురు యూనిఫారం వేసుకుని బయటికొస్తే మామగారు "రైట్ రైట్" అన్నాడు. భర్త వీధి చివరిదాకా భార్య సంచీ మోసిపెట్టాడు. ఆయన దగ్గర్నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించడం అత్యాశ. బస్సులో తల్లి ముందు సీట్లో, కూతురు చివరి సీట్లో. పిల్ల వస్తోందన్న సంతోషంలో టీచరమ్మ బీకరు తెచ్చుకుంది, తక్కెడ తెచ్చుకుంది, ఉప్పు పొట్లం తెచ్చుకుంది. చిన్న గిన్నె మాత్రం వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

క్లాసులోకి అడుగు పెట్టగానే నల్లబోర్డు మీద బొమ్మ కనపడింది. గుండ్రటి కాయ, రెండు జడలు. కిసుక్కుమని నవ్వులు. ఎర్రపెన్ను మేడమ్ వెనక బెంచీలో అప్పటికే పుస్తకం తెరుచుకుని కూర్చుంది. టీచరమ్మ కిటికీ వైపు చూడలేదు. సుద్దముక్క తీసుకుని, జడలు చెరిపేసి, ఆ గుండ్రటి కాయకు పైన పొడుగాటి మెడ గీసింది.

"గుండ్రటి అడుగున్న ఫ్లాస్కు. ఎవరు గీశారో గానీ బాగా గీశారు. ల్యాబులో దీన్ని రోజూ వాడేవాళ్ళం," అని కింద పేరు రాసింది.

నవ్వులు ఆగిపోయాయి. పాఠం మొదలైంది.

గిన్నె లేదని అప్పుడు తెలిసింది. బల్ల మీది సుద్దముక్కల డబ్బా మూత చించి, ఆ అట్టముక్కలో ఉప్పు పోసింది. నీళ్ళ బీకరూ, ఉప్పున్న అట్టా తక్కెడ మీద పెట్టి, అంకె చదివి బోర్డు మీద రాయించింది. ఉప్పు నీళ్ళలో గుమ్మరించి, అట్టను పక్కన పడేసి, చెంచాతో తిప్పింది.

"ఉప్పు కనపడ్డం లేదు. ఇప్పుడు తూస్తే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా?"

ఆగింది. మొదటి బెంచీ పిల్లలు ఆమె మొహం చూశారు, ఇప్పుడు చెప్పేస్తుంది కదా అన్నట్టు. చెప్పలేదు. అప్పుడు వాళ్ళకు తామే ఆలోచించక తప్పలేదు. పొడుగాటి అబ్బాయొకడు అంతే ఉంటుందన్నాడు. జడ కొస నములుతున్న అమ్మాయి తగ్గుతుందంది. వాదన లేచింది. వెనక బెంచీలో పెన్ను కదిలింది. టీచరమ్మకు ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

బీకరు తక్కెడ మీద పెట్టింది. అంకె తగ్గింది.

"తగ్గింది మేడమ్," అని సగం క్లాసు అరిచింది. "ఉప్పు మాయమైపోయింది."

టీచరమ్మ బిక్కచచ్చిపోయింది. తగ్గడమేమిటి? నిన్న వంటింట్లో తగ్గలేదు, లోకంలో ఎక్కడా తగ్గదు. తక్కెడ మీద వేలితో తట్టింది. అంకె మారలేదు. అప్పుడు బల్ల అంచున బోర్లా పడి ఉన్న అట్టముక్క కంటబడింది.

మొదటిసారి అట్టతో తూచింది. రెండోసారి అట్ట లేకుండా. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఇలాంటి పని చేస్తే ఆమె ఆ పూటంతా క్లాసు పీకేది.

ఒక్క మాటతో సర్దేయొచ్చు. అయ్యో, అట్ట మర్చిపోయాను పిల్లలూ, అని. మాట నాలుక చివర దాకా వచ్చింది. మింగేసింది.

"ఎందుకు తగ్గింది?" అంది.

ఆగింది.

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఎవరి పెన్సిలో కిందపడి దొర్లింది. ఆవిరైపోయిందేమో అన్నాడు ఒకడు. "అయ్యుండొచ్చు. ఇంకా?" అంది. తక్కెడ చెడిపోయిందేమో అంది ఇంకొకతె. "అయ్యుండొచ్చు. ఇంకా?" మళ్ళీ నిశ్శబ్దం. ఇది చాలాసేపు సాగింది, భరించలేనంతసేపు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

కంటి కొసకు కిటికీ పక్కన ఏదో కదిలినట్టు తెలిసింది. చూడకూడదు. మాటిచ్చింది. మిగతా బెంచీలన్నీ కళ్ళతో వెతికింది, ఒక్క చెయ్యైనా లేస్తుందేమోనని. లేవలేదు. క్లాసంతా మాత్రం కిటికీ వైపే తిరిగింది. ఇంక చూడక తప్పలేదు. ఆ చెయ్యి సగం లేచి, దిగి, ఈసారి నిటారుగా లేచింది.

అడగొద్దంది. కానీ చెయ్యెత్తింది అదే కదా.

టీచరమ్మ రిజిస్టరులో ఉన్న పేరు పెట్టి పిలిచింది. పురుడు పోసుకున్న నాడు ఎంతో ముచ్చటపడి పెట్టుకుని, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడని పేరు. పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా పలికింది.

"చెప్పు."

కూతురు లేచి నిలబడింది. "ఉప్పు ఎక్కడికీ పోలేదు మేడమ్. మొదట మీరు అట్టతో కలిపి తూచారు. తర్వాత అట్ట తీసేశారు. తగ్గింది అట్ట బరువే."

"నిజమో కాదో ఎలా తెలుస్తుంది?"

"అట్ట మళ్ళీ పెట్టి చూడండి."

"నువ్వే వచ్చి పెట్టు."

పిల్ల వచ్చి పెట్టింది. బోర్డు మీది అంకె, తక్కెడ మీది అంకె ఒకటయ్యాయి. క్లాసు హోరెత్తింది. వాళ్ళమ్మ ఇంట్లో చెప్పేసిందని ఎవరూ అనలేదు. వాళ్ళమ్మ తప్పునే అది పట్టుకుంది మరి, ఇంకేమంటారు.

గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ బయటికి పోయారు. కూతురు గుమ్మం దగ్గర వంగి, ముడి ఊడని బూటు ముడి కట్టుకుంటోంది.

ఎర్రపెన్ను మేడమ్ బల్ల దగ్గరికొచ్చింది. ఆమె మొహంలో మొదటిసారి ఏదో కనిపించింది.

"ఆగడం నేర్చుకున్నారు. ఇంకొక్క ప్రశ్న. ఆ అట్ట తీసేయడం, తప్పును పిల్లలచేత పట్టించడం, మీరు ముందే వేసుకున్న పథకమేనా? పథకమైతే మాత్రం ఈ ఏడు నేను చూసిన పాఠాల్లో ఇదే మేలైనది. పొరపాటైతే, పరీక్ష పాఠంలో కొలత తప్పిన సైన్సు టీచరని రాయాల్సి వస్తుంది. దానికి ఏ మార్కులుంటాయో మీకు తెలుసు."

అడిగి, మేడమ్ ఆగింది. పెన్ను కాగితం మీద ఆనించి ఉంది.

పథకమే అంటే అయిపోతుంది. సర్టిఫికెట్ వస్తుంది. ఇంట్లో రోజూ గొడవలుండవు. ఎవరికి తెలుస్తుంది? గుమ్మం దగ్గర బూటు ముడి కడుతున్న చేతులు కదలడం మానేశాయి. గిన్నె గట్టు మీద ఉండిపోయిన సంగతి ఆ పిల్ల పొద్దున్న పాలగ్లాసు పెట్టేటప్పుడే చూసి ఉంటుంది.

"పొరపాటు మేడమ్," అంది టీచరమ్మ. "గిన్నె ఇంట్లో మర్చిపోయాను. కంగారులో అట్ట సంగతి చూసుకోలేదు. ఎందుకు తగ్గిందో నాకూ కాసేపు అర్థం కాలేదు."



మేడమ్ తల పంకించి, రాయడం మొదలుపెట్టింది. ఎర్ర అక్షరాలు ఒక వరుస నిండాయి. రెండో వరుస మొదలైంది.

"మేడమ్," అంది గుమ్మం దగ్గర్నుంచి కూతురు, లేచి నిలబడి. "నేనొక మాట చెప్పొచ్చా?"

ఎర్రపెన్ను ఆగింది. మేడమ్ ఆ పిల్ల వంక చూసి, టీచరమ్మ వంక తిరిగింది.

"మీ విద్యార్థిని. మీరే అడగండి."

పిల్ల చెప్పబోయేదాంట్లో తన గురించి ఏముందో, మంచో చెడో, టీచరమ్మకు తెలియదు. ఆ మాటతో తన చదువు నిలబడుతుందో మునుగుతుందో కూడా తెలియదు. చెప్పొద్దని కళ్ళతో సైగ చేయొచ్చు. పిల్ల వైపు పూర్తిగా తిరిగింది.

"చెప్పమ్మా," అంది.

ఆగింది.